పునుగుల లెక్క

విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి మలుపున ఒక టిఫిన్ సెంటర్ ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి కనుక అందరూ మలుపు హోటల్ అనే అంటారు. పొయ్యి దగ్గర బాబాయ్‌గారు, గల్లాపెట్టె దగ్గర పిన్నిగారు. తెల్లవారి ఆరింటికి షట్టర్ లేవగానే మొదటి ఇడ్లీ వాయి దిగుతుంది. ఆ వెంటనే అల్మారా మీద కూర్చున్న చిన్న డబ్బా గొంతు విప్పుతుంది: నలభై రూపాయలు అందాయి.

ఒకరోజు ఉత్త కుతూహలంతో అడిగాను. "బాబాయ్‌గారూ, నిన్న ఇడ్లీ ఎన్ని ప్లేట్లు పోయింది?"

ఆయన గరిటె పైకెత్తి నవ్వారు. "ఎవరు లెక్కపెట్టారు బాబూ? పిండి ఉన్నంతసేపూ వేశాం."

పిన్నిగారు అందుకున్నారు. "మొన్న సోమవారం బోలెడంత మిగిలింది. నిన్న ఆదివారం తొమ్మిదింటికే గిన్నె ఖాళీ. వచ్చినవాళ్లని పంపించేశాం."

ఆ కొట్టులో డిజిటల్ అనదగ్గవన్నీ ఉన్నాయి. అద్దానికి క్యూఆర్ స్టిక్కరు, అల్మారా మీద మాట్లాడే డబ్బా, పిన్నిగారి ఫోనులో మూడేళ్ల చెల్లింపుల చిట్టా. కానీ రేపటికి ఎంత పప్పు నానబెట్టాలన్నది ఇరవై ఏళ్ల కిందట ఎలా తేల్చుకునేవారో ఇవాళా అలాగే తేల్చుకుంటున్నారు: చేత్తో కొలిచి, దేవుడి మీద భారం వేసి.

మన ఊళ్లలో చిన్న వ్యాపారాలు చాలావరకు ఈ మలుపు దగ్గరే ఆగి ఉన్నాయి. పరికరం లోపలికి వచ్చింది, పని తీరు మాత్రం గుమ్మం బయటే నిలబడింది. ఆ రెండిటి మధ్య దూరం ఎంత, దాన్ని దాటడం ఎలా అన్నదానికి అర్థశాస్త్రంలోనూ గణితంలోనూ మంచి జవాబులున్నాయి.

డబ్బా ఎందుకు గెలిచింది

ముందు ఆ డబ్బా సంగతే చూద్దాం. చిన్న వ్యాపారి మారు మాట్లాడకుండా ఒప్పుకున్న కొత్త పరికరాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

అద్దం మీది నలుపు తెలుపు గళ్ల చతురస్రాన్ని 1994లో జపాన్‌లో డెన్సో సంస్థకు చెందిన మసాహిరో హరా బృందం తయారు చేసింది. కారు విడిభాగాల పెట్టెలను గబగబా గుర్తుపట్టడానికి చేసిన ఏర్పాటు అది. మూడు మూలల్లో కనిపించే పెద్ద చదరాలు కెమెరాకు దారి చూపే గుర్తులు. వాటి నడిమధ్య నుంచి ఎటు గీత గీసినా నలుపు తెలుపు పట్టీల వెడల్పు 1:1:3:1:1 పాళ్లలో వస్తుంది. మామూలు అచ్చు కాగితాల మీద ఈ పాళ్లు చాలా అరుదని తేల్చుకున్నాకే వాటిని ఎంచుకున్నారు. అందుకే ఫోన్‌ను వంకరగా పట్టుకున్నా, తలకిందులుగా పట్టుకున్నా అది కోడ్‌ను పోల్చుకుంటుంది. పైగా సమాచారాన్ని రీడ్-సాల్మన్ అనే గణిత పద్ధతిలో కొంత అదనంగా రాసి ఉంచుతారు. అన్నిటికంటే గట్టి రకంలో 30 శాతం దాకా చెరిగిపోయినా మిగతా గళ్ల నుంచి పోయినదాన్ని తిరిగి లెక్కగట్టవచ్చు. స్టిక్కరు మీద సాంబారు చుక్క పడినా చెల్లింపు ఆగకపోవడం వెనక ఇంత కథ ఉంది.

ఆ గళ్లలో డబ్బు లేదు, ఖాతా నంబరు కూడా ఉండనక్కర్లేదు. కొట్టువారి యూపీఐ చిరునామా, పేరు ఉంటే చాలు. మనం ఫోన్‌లో మొత్తం కొట్టి పిన్ నొక్కగానే ఆ పిన్ తాళం వేసిన రూపంలో మన బ్యాంకుకు చేరుతుంది. దాన్ని యాప్ చదవలేదు. మధ్యలో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఉంటుంది. చిరునామా ఏ బ్యాంకుదో పోల్చడం, మన బ్యాంకులో తీయించడం, అవతలి బ్యాంకులో వేయించడం, ఇద్దరికీ కబురు చెప్పడం దాని పని. 2016 ఏప్రిల్ 11న నాటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ఈ యూపీఐ వ్యవస్థను ప్రారంభించారు. 2023 ఆగస్టులో నెలకు 1,000 కోట్ల లావాదేవీలు దాటింది. 2025 ఆగస్టుకు 2,000 కోట్లు దాటింది.

ఇంత ఉన్నా మొదట్లో చిక్కు ఒకటి మిగిలింది. బాబాయ్‌గారి చేతులు పిండిలో ఉంటాయి. పిన్నిగారు పొట్లం కడుతుంటారు. డబ్బు వచ్చిందో లేదో ఫోన్ తీసి చూసే తీరిక ఇద్దరికీ లేదు. కుర్రవాడు ఫోన్ తెర చూపించి "కొట్టేశానండీ" అంటే నమ్మాలి. ఆ తెర నిజమైనదో, పాత చెల్లింపు ఫొటోనో ఎవరికి ఎరుక? డబ్బా ఆ ఒక్క చిక్కునే విప్పింది. అందులో సొంత సిమ్ ఉంటుంది. డబ్బు ఖాతాకు చేరిన కబురు సర్వర్ నుంచి నేరుగా దానికి వస్తుంది. అది పైకి చదువుతుంది.

ఆ చదవడంలో తెలుగుకు ఒక సొగసు ఉంది. హిందీలో ఒకటి నుంచి నూరు దాకా దాదాపు ప్రతి అంకెకూ వేరే రూపం ఉంటుంది. అన్నీ విడివిడిగా పలికించి పెట్టుకోవాల్సిందే. తెలుగులో ఇరవై దాటితే అతికించుకోవచ్చు: ఇరవై ఒకటి, నలభై ఐదు. అయితే మన వందల దగ్గరో తిరకాసు ఉంది. ఒంటరిగా ఉంటే వంద, వెనక ఇంకొకటి చేరితే నూట ఇరవై. రెండు వందలు కాస్తా రెండు వందల నలభై అవుతుంది. ఈ మెలికలు ఎరగకుండా ముక్కలు అతికించిన డబ్బా వంద ఇరవై రూపాయలు అంటుంది. చంటిపిల్లలు కూడా నవ్వుతారు.

కొత్త వస్తువు ఎందుకు నిలబడుతుందో ఇక్కడే తెలుస్తుంది. వ్యాపారి చేతిలో పని ఆపకుండా, అతని భాషలో, అతనికి ఉన్న ఒకే ఒక్క అనుమానానికి డబ్బా జవాబు చెప్పింది. చిన్న కొట్ల కోసం ఏదైనా తయారు చేద్దామనుకునే స్టార్టప్ కుర్రాళ్లు ముందు ఒక వారం గల్లాపెట్టె పక్కన కూర్చుని, ఎవరి చేతులు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో చూడటం మేలు.

మిల్లులో పాత ఇరుసు

అయితే డబ్బా తీర్చింది అనుమానాన్నే. ఆదాయాన్ని అది పెంచలేదు. ఎందుకంటే దాని వల్ల బాబాయ్‌గారు చేసే పనుల్లో ఏదీ మారలేదు.

ఇలాంటిది ఇదివరకు చాలా పెద్ద ఎత్తున జరిగింది. పాతకాలం రైసు మిల్లు చూసినవాళ్లకు తెలుసు. ఒక మూల పెద్ద ఇంజను. కప్పు కింద పొడవునా ఒక ఇనప ఇరుసు. దానికి కప్పీలు, కప్పీల నుంచి కిందికి దిగే తోలు పట్టీలు. ఒక్కో పట్టీ ఒక్కో యంత్రాన్ని తిప్పుతుంది. ఒక యంత్రం నడవాలన్నా ఇరుసంతా తిరగాలి. ఏ యంత్రం ఎక్కడ ఉండాలో పనిని బట్టి తేలదు, పట్టీ ఎక్కడికి అందుతుందో దాన్ని బట్టి తేలుతుంది.

అమెరికా ఫ్యాక్టరీలు కూడా ఆవిరి కాలంలో అలాగే ఉండేవి. న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం 1882లో మొదలైంది. అయినా 1900 ప్రాంతానికి అక్కడి ఫ్యాక్టరీల్లో యంత్రాలు తిప్పే శక్తిలో కరెంటు మోటార్ల వంతు 5 శాతం కూడా లేదు. మోటారు కొన్నవాళ్లు సైతం ఆవిరి ఇంజను తీసి, అదే చోట పెద్ద మోటారు బిగించి, అదే ఇరుసుకు తగిలించారు. బొగ్గు ఖర్చు కొంచెం తగ్గింది, అంతే. ఒక్కో యంత్రానికి ఒక్కో చిన్న మోటారు పెట్టి, ఇరుసు పీకేసి, సరుకు నడిచే వరసలో యంత్రాలను సర్దుకున్నాకే ఉత్పత్తి ఎగబాకింది. అది 1920ల మాట. మధ్యలో నలభై ఏళ్లు పోయాయి.

ఈ కథను 1990లో ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ ఒక పత్రంలో చెప్పాడు. ఆ రోజుల్లో అర్థశాస్త్రవేత్తలను ఒక చిక్కుప్రశ్న వేధిస్తుండేది. కంప్యూటర్లు అన్నిచోట్లా కనిపిస్తున్నాయి, ఉత్పాదకత అంకెల్లో మాత్రం కనిపించడం లేదని నోబెల్ గ్రహీత రాబర్ట్ సోలో 1987లో ఎత్తిపొడిచాడు. డేవిడ్ జవాబు సులభంగా అర్థమయ్యేదే: ఇరుసు ఇంకా పీకలేదు, అందుకు!

మలుపు హోటల్లో ఇరుసు ఏది? పిండి కొలత. మందుల షాపులో అయితే ఏజెంటు వచ్చినప్పుడల్లా అలవాటుగా రాయించే ఆర్డరు. బట్టల కొట్టులో దసరాకు మూడు నెలల ముందు తెచ్చి పేర్చుకునే సరుకు. డిజిటల్ అయినవన్నీ ఈ ఇరుసు చుట్టూ తిరుగుతున్నాయి. ఇరుసును ఎవరూ ముట్టుకోవడం లేదు.

చేపలూ, బస్సు సీట్లూ

ఇరుసు కదిలితే ఏమవుతుందో కేరళ తీరం చూపించింది.

1997 జనవరి 14 ఉదయం. కోళికోడ్ జిల్లా వడకర రేవులో పదకొండు మంది జాలరులు నిండు పడవలతో నిలబడ్డారు. వల నిండా కవళ్లు, కొనేవాడు లేడు. చివరికి సముద్రంలో పారబోయడమే మిగిలింది. అదే సమయానికి అటూ ఇటూ పదిహేను కిలోమీటర్లలోపు రెండు రేవుల్లో ఇరవై ఏడుగురు వర్తకులు చేప దొరక్క ఖాళీ చేతులతో వెనుదిరగబోతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తెలుసుకోవాలంటే పడవ నడపాలి, డీజిల్ తగలేయాలి, ఈలోగా చేప పాడవుతుంది.

ఆ ఏడాది నుంచి అక్కడ సెల్‌ఫోన్ టవర్లు జిల్లా వెంబడి జిల్లా లేచాయి. సిగ్నల్ తీరం నుంచి ఇరవై, పాతిక కిలోమీటర్ల దాకా సముద్రంలోకి అందేది. రాబర్ట్ జెన్సెన్ అనే అర్థశాస్త్రవేత్త ముందునుంచే పదిహేను రేవుల్లో వారం వారం ధరలు రాయించి ఉంచాడు. ఫోన్ వచ్చాక జాలరులు నడిసముద్రంలోంచే నాలుగు రేవులకు ఫోన్ చేసి, గిరాకీ ఉన్న వైపు పడవ తిప్పసాగారు. రేవుకూ రేవుకూ ధరలో ఉన్న తేడా బాగా కుదించుకుపోయింది. అంతకుముందు రోజూ పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం దాకా వృథా అయ్యేది, అది దాదాపు పోయింది. జాలరుల లాభం సగటున 8 శాతం పెరిగితే, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఇద్దరూ బాగుపడ్డారు, ఎందుకంటే మధ్యలో కుళ్లిపోయేది కుళ్లకుండా మిగిలింది.

ఇక్కడ జాలరి లాభపడింది ఫోన్ కొన్నందుకు మాత్రమే కాదు. అంతకుముందు పడవ దాదాపు ఎప్పుడూ సొంత ఊరి రేవుకే వచ్చేది. ఏ రేవుకు పోవాలన్న నిర్ణయం అసలు ఉండేదే కాదు. ఫోన్ ఆ నిర్ణయాన్ని అతని చేతికి ఇచ్చింది, అతను చుక్కాని తిప్పాడు.

బస్సు సీటు కూడా చేప లాంటిదే. బండి కదిలాక ఖాళీ సీటు విలువ సున్నా. 2005 దీపావళికి బెంగళూరులో పనిచేస్తున్న తెలుగు ఇంజనీరు ఫణీంద్ర సామ ఇంటికి రావడానికి ప్రైవేటు బస్సు టికెట్ కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగి చివరికి ఆగిపోవాల్సి వచ్చింది. ఒక ఏజెంటుకు నాలుగు కంపెనీల బస్సులే తెలుసు. సీట్ల పటం ట్రావెల్స్ ఆఫీసులో కాగితం మీద ఉంటుంది. ఒక చోట మనుషులు, ఇంకో చోట సీట్లు. అచ్చంగా వడకర, పక్క రేవుల కథే.

ఆయనా మిత్రులూ కలిసి మొదట ట్రావెల్స్ వాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఎవరూ ముట్టుకోలేదు. కాగితం పటంతో పని జరిగిపోతుంటే కంప్యూటర్ ఎందుకన్నది వాళ్ల మాట. అప్పుడు వీళ్లు అటు నుంచి నరుక్కొచ్చారు. ముందు సీట్లు తీసుకుని జనానికి ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టారు. అలా 2006లో రెడ్‌బస్ మొదలైంది. ఖాళీగా పోయే సీట్లకు డబ్బు వస్తుంటే సాఫ్ట్‌వేర్ మంచిదా కాదా అన్న వాదన దానంతటదే సద్దుమణిగింది. 2013లో ఆ సంస్థను ఐబిబో గ్రూపు కొనుక్కుంది. ఫణీంద్ర తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి తొలి ముఖ్య ఆవిష్కరణల అధికారిగా పనిచేశారు. చిన్న వ్యాపారికి పరికరం అమ్మబోయి వెనక్కి వచ్చిన ప్రతి స్టార్టప్‌కూ ఇందులో పాఠం ఉంది. ముందు అతని కుళ్లిపోయే చేప ఏదో కనుక్కోవాలి.

మినప్పప్పు మీద గణితం

ఇప్పుడు మలుపు హోటల్‌కు వద్దాం. ఇక్కడ కుళ్లిపోయే చేప ఇడ్లీ పిండి.

పప్పు ముందురోజు మధ్యాహ్నం నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులియాలి. అంటే రేపు ఎంతమంది వస్తారో తెలియకుండానే ఇవాళ కొలత వేయాలి. పేపరు అమ్మే కుర్రవాడికీ ఇదే చిక్కు. పొద్దున్నే ఎన్ని కాపీలు తీసుకోవాలి? మిగిలితే చిత్తుకాగితాలు, చాలకపోతే బేరం పోయినట్టు. అందుకే గణితంలో దీనికి పేపరు అమ్మేవాడి సమస్య అని పేరు. 1950ల నుంచి దీని పరిష్కారం పాఠ్యపుస్తకాల్లో ఉంది.

సులువైన అంకెలతో చూద్దాం. ప్లేటు ఇడ్లీ 40 రూపాయలు, పప్పు, రవ్వ, గ్యాసు, చట్నీ కలిపి ఖర్చు 16 అనుకుందాం. ఒక ప్లేటు తక్కువ పడితే పోయే లాభం 24. ఒక ప్లేటు ఎక్కువై పారబోస్తే నష్టం 16. ఈ రెండిట్లో తక్కువ పడటమే ఎక్కువ బాధ. ఎంత ఎక్కువ? 24ను, 24 ప్లస్ 16తో భాగిస్తే 0.6 వస్తుంది. అర్థం ఏమిటంటే, పది రోజుల్లో ఆరు రోజులు సరిపోయేంత పిండి వేయాలి. మిగతా నాలుగు రోజులు చాలకపోయినా బాధపడనక్కర్లేదు.

పది సోమవారాల అమ్మకం తక్కువ నుంచి ఎక్కువకు పేర్చామనుకోండి: 62, 66, 68, 70, 72, 74, 80, 85, 90, 120. ఆరోది 74. సోమవారానికి 74 ప్లేట్ల పిండి వేయాలి. సగటు తీస్తే దాదాపు 79 వస్తుంది, దాన్ని పట్టుకుంటే తప్పు. పక్క కల్యాణ మండపంలో పెళ్లి జరిగిన ఒక్క రోజు, ఆ 120, సగటును పైకి లాగేసింది.

ఇక్కడ పిన్నిగారు ఒక మెలిక పెట్టారు. "మిగిలిన పిండి పారబోస్తామా ఏమిటి? సాయంత్రం పునుగులు వేస్తాంగా!"

నిజమే. ఆ మాటతో లెక్క మొత్తం మారుతుంది. ప్లేటు ఇడ్లీకి సరిపడే పిండి సాయంత్రం పునుగులై, నూనె ఖర్చు పోను 10 రూపాయలు తెచ్చిందనుకుందాం. అప్పుడు ప్లేటు మిగిలితే నష్టం 16 కాదు, 6 మాత్రమే. 24ను 30తో భాగిస్తే 0.8. అంటే ఎనిమిదో అంకె దాకా పోవచ్చు: 85 ప్లేట్లు. పునుగులు వేసే హోటల్, వేయని హోటల్ కంటే పొద్దున్న పదకొండు ప్లేట్ల ఇడ్లీకి ఎక్కువ ధైర్యం చేయవచ్చు. మిగిలినదానికి రెండో దారి ఉన్నవాడే మొదటి దారిలో తెగించగలడు. మన అమ్మమ్మలు ఇడ్లీలు మిగిలితే ఉప్మా చేసి, అన్నం మిగిలితే పులిహోర కలిపింది ఈ సూత్రం మీదే. భిన్నం రాసుకోలేదు, అంతే తేడా.

ఇందులో రెండు గోతులున్నాయి. ఒకటి, అమ్మకం వేరు, గిరాకీ వేరు. ఆదివారం తొమ్మిదింటికే గిన్నె ఖాళీ అయితే ఫోన్ చిట్టా అప్పటిదాకా అమ్మినవే చూపిస్తుంది. తర్వాత వచ్చి వెనుదిరిగినవాళ్లు ఏ చిట్టాలోనూ ఉండరు. అందుకే ఎన్ని అమ్మాం అన్నదానితోపాటు ఎన్నింటికి అయిపోయాయి అన్నదీ రాసుకోవాలి. యూపీఐ చిట్టాలో ప్రతి చెల్లింపు పక్కనా గడియారం ఉంటుంది కనుక ఈ పని సులభం. రెండోది, అంకెలకు కారణం తెలియదు. 62, 66 వచ్చినవి కార్తీక సోమవారాలు. ఉపవాసాల రోజున ఇడ్లీ తగ్గుతుందని ఫోన్‌కు తెలియదు, పిన్నిగారికి తెలుసు. కల్యాణ మండపంలో లగ్నం ఎప్పుడో కూడా ఆవిడకే తెలుసు. చిట్టా అలవాటును చెబుతుంది, మనిషి ఆ రోజు విశేషాన్ని కలుపుతాడు. రెండూ ఒకచోట కూర్చుంటేనే కొలత కుదురుతుంది.

యాప్ కంటే ముందు పుస్తకం

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ కావాలా? ఆధారాలు వేరే మాట చెబుతున్నాయి.

ముంబై దగ్గర కొన్ని బట్టల మిల్లుల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ బ్లూమ్ బృందం ఒక ప్రయోగం చేసింది. 17 సంస్థలకు చెందిన 28 మిల్లులు. కొన్నిటికి నెలల తరబడి సలహాదారులను పంపి నడిపించారు. వాళ్లు నేర్పినవి వింటే నవ్వొస్తుంది: నేల మీది చెత్త ఊడ్చడం, నూలు గోదాములో ఏది ఎంత ఉందో రాసి పెట్టడం, ఏ మగ్గం మీద ఏ లోపం వచ్చిందో రోజూ నమోదు చేయడం, పొద్దున్నే ఆ కాగితం చూసి మాట్లాడుకోవడం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. కానీ చాలా ఏళ్ల తర్వాత అదే బృందం తిరిగి వెళ్లి చూస్తే, నేర్చుకున్నవాటిలో సుమారు సగం వదిలేశారు. మేనేజర్లు మారారు, యజమానులకు తీరిక లేకపోయింది. పట్టుకున్న సగమే వాళ్లను ఇతరులకంటే ముందు ఉంచింది.

డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులతో ఇంకో ప్రయోగం జరిగింది. కొందరికి అకౌంటింగ్ పాఠాలు చెప్పారు. మరికొందరికి చిన్న చిన్న సూత్రాలు చెప్పారు. వాటిలో ముఖ్యమైనది: ఇంటి డబ్బుకు ఒక సొరుగు, కొట్టు డబ్బుకు ఒక సొరుగు పెట్టండి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తీస్తే చీటీ రాసి వేయండి. పాఠాలు విన్నవాళ్ల లెక్కల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రెండు సొరుగులు పెట్టుకున్నవాళ్ల లెక్కలు బాగుపడ్డాయి.

మన చిన్న వ్యాపారులు చాలామంది చేసే తప్పు ఇదే. ఒకటే ఖాతా, ఒకటే క్యూఆర్. పొద్దున్న ఇడ్లీ డబ్బు, మధ్యాహ్నం బావమరిది తీర్చిన అప్పు, సాయంత్రం చీటీ పాట డబ్బు అన్నీ అందులోకే. నెలాఖరుకు ఎంత సంపాదించామో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కొట్టు పేరున వేరే ఖాతా తెరిచి, స్టిక్కరును దానికి మార్చి, ఇంటికి నెలకు ఇంత అని జీతంలా తీసుకోవడం అన్నిటికంటే చవకైన డిజిటల్ మార్పు. దీనికి యాప్ కూడా అక్కర్లేదు.

జాడ మిగిలే కాలం

ఈ రెండు సొరుగుల సంగతి 2025 జూలైలో బెంగళూరులో గట్టిగా తగిలింది. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల ఆధారంగా వేలాది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. చాలా కొట్లలో క్యూఆర్ స్టిక్కర్లు మాయమై, నగదు మాత్రమే అన్న కాగితాలు వెలిశాయి. వ్యాపారుల ఆందోళన తర్వాత పాత బకాయిల విషయంలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కానీ ఆ భయం తెలుగు ఊళ్ల దాకా పాకింది.

భయాన్ని కాస్త అంకెల్లో పెట్టి చూద్దాం. హోటల్ పని సేవల కిందికి వస్తుంది. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. రోజుకు లెక్కేస్తే దాదాపు 5,500 రూపాయలు, అంటే మన లెక్క ప్రకారం 137 ప్లేట్లు. మలుపు హోటల్ ఆ గీతకు మరీ దూరంగా ఏమీ లేదు. గీత దగ్గర ఉన్నవాడికి బావమరిది పంపిన డబ్బు, చీటీ పాట డబ్బు అమ్మకంలా కనిపిస్తే ప్రమాదం. వేరే ఖాతా ఉంటే ఏది అమ్మకమో ఏది కాదో చూపించడానికి కాగితం ఉంటుంది. స్టిక్కరు పీకేస్తే డబ్బు జాడ పోవచ్చు గానీ చిల్లర లేదని బేరమూ పోతుంది. బ్యాంకు అప్పు అడిగేటప్పుడు చూపించడానికి మన దగ్గర ఏదీ మిగలదు కూడా. వీధి వ్యాపారులకు 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో డిజిటల్ చెల్లింపులు తీసుకున్నవాళ్లకు నగదు ప్రోత్సాహకం పెట్టింది, ఈ జాడ ఏర్పడాలనే. పన్ను అధికారికి కనిపించే అదే చిట్టా బ్యాంకు మేనేజరుకు హామీపత్రం అవుతుంది.

మోసాల మాట రెండు ముక్కల్లో. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ నొక్కనక్కర్లేదు. రోజూ షట్టర్ తీయగానే స్టిక్కరు మీద ఇంకెవరిదైనా స్టిక్కరు అంటించారేమో చూసుకోవాలి. డబ్బా పలకనిది డబ్బు కాదని గుర్తుంచుకోవాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇంటికి టిఫిన్ చేర్చే యాప్‌ల దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. అవి తెచ్చే బేరం మంచిదే. కానీ ఆర్డరు ఇచ్చిన మనిషి ఎవరో, ఎప్పుడెప్పుడు తింటాడో యాప్‌కు తెలుస్తుంది, హోటల్‌కు తెలియదు. మలుపు హోటల్లో పిన్నిగారికి వచ్చేవాళ్ల పేర్లు, ఎవరికి కారప్పొడి కావాలో, ఎవరికి అల్లం చట్నీ పడదో తెలుసు. ఆ జ్ఞానం యాప్‌కు అరువిచ్చినవాడు రేపు అది కమీషను పెంచినా నోరు మెదపలేడు. వాట్సాప్‌లో వాడకందార్ల జాబితా ఒకటి సొంతంగా ఉంచుకోవడం దీనికి విరుగుడు.

ఒక్క ప్రశ్న

ఎవరైనా కొత్త పరికరం, కొత్త యాప్ పట్టుకొస్తే ధర అడిగే ముందు ఒక ప్రశ్న వేసుకోవచ్చు. ఇది వచ్చాక నేను రోజూ తీసుకునే ఏ నిర్ణయం మారుతుంది? జాలరికి జవాబు తెలుసు: పడవ ఏ రేవుకు పోవాలన్నది. బస్సు కంపెనీకి తెలుసు: సీటు ఎవరికి ఇవ్వాలన్నది. జవాబు దొరకకపోతే అది పాత ఇరుసుకు తగిలించే కొత్త మోటారు. కొనొచ్చు, మెరుస్తుంది కూడా, కానీ మిల్లు అదే మిల్లు.

మలుపు హోటల్లో ఇప్పుడు అల్మారా మీద డబ్బా పక్కన ఒక నలభై పేజీల పుస్తకం ఉంది. దానికి దారంతో పెన్సిలు వేలాడదీశారు. నగదు ఇచ్చినవాళ్లకు పిన్నిగారు నిలువు గీతలు పెడతారు, నాలుగు గీతలకు ఒక అడ్డగీత. ఫోన్ చెల్లింపులు మధ్యాహ్నం చిట్టా చూసి కలుపుతారు. వరసగా వారాలు, పక్కన అంకె, దాని పక్కన అయిపోయిన గంట. ఒక్కోచోట పక్కకు ఒక మాట: వాన. పరీక్షలు. కార్తీకం.

నిన్న మధ్యాహ్నం కాఫీకి వెళ్లేసరికి బాబాయ్‌గారు పప్పు కొలుస్తున్నారు. గ్లాసుతో పోసి, పుస్తకం వైపు చూసి, ఆగారు.

"సోమవారమేగా, ఇంతే చాలు" అన్నారు.

పిన్నిగారు పుస్తకం తిరగేయలేదు. కిటికీలోంచి కల్యాణ మండపం వైపు చూశారు. అక్కడ అరటి చెట్లు కడుతున్నారు.

"రేపు లగ్నం ఉందండీ. ఇంకో మూడు గ్లాసులు పోయండి. మిగిలితే పునుగులున్నాయిగా."